భవనాన్ని నడిపే సాఫ్ట్‌వేర్: ఖేడ్‌కు పనికొచ్చే మెరుగుదల ఏది?

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆ రోజుల్లోనే ప్రభుత్వం రైతులకు గట్టిగా చెప్పిన మాట ఇంకోటుంది: బోరు మోటార్లకు పెట్టుకున్న ఆటో స్టార్టర్లు తీసెయ్యండి. కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపించే చిన్న పెట్టె ఆటో స్టార్టర్. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చిపోయే కాలంలో చీకట్లో పొలానికి పోయే అవస్థ, పాముల భయం రైతుకు తప్పించింది. కరెంటు పోని రోజులొచ్చేసరికి అదే పెట్టె మడి నిండినా ఆగకుండా నీళ్లు తోడించే పరికరమైంది. పెట్టెలో ఏ భాగమూ చెడిపోలేదు. దానికి అప్పజెప్పిన పని పాతది, చుట్టూ ఉన్న పరిస్థితి కొత్తది. ఆ తేడా తెలుసుకునే దారి పెట్టెకు లేదు.

ఖేడ్ అని పిలుచుకునే నారాయణఖేడ్ చుట్టుపక్కల బోర్ల మీద సాగు చేసేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పెద్ద భవనాల్లో ఏసీలు, లైట్లు, పంపులు, మంటల హెచ్చరికలను ఒక్కచోటి నుంచి నడిపించే బిల్డింగ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కూడా నలభై ఏళ్లుగా ఈ చిక్కుతోనే పెనుగులాడుతోంది. కంపెనీల ప్రకటనల్లో ప్రతి కొత్త వెర్షనూ ముందటిదానికన్నా తెలివైనదే. వాటిలో నిజంగా ఏం మెరుగైంది? ఏది హైదరాబాద్ గాజు మేడలకే సరిపోతుంది? సంగారెడ్డి జిల్లా కొసన, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఖేడ్ లాంటి పట్టణంలో ఆసుపత్రికి, హాస్టలుకు, మున్సిపాలిటీకి ఏది అక్కరకొస్తుంది? గట్టి మెరుగుదలలన్నీ ఒకే దిక్కుకు నడిచాయన్నది ఈ సమీక్ష సారాంశం. యంత్రం ఎందుకలా చేసిందో అక్కడున్న మనిషి చూడగలగాలి, తప్పనిపిస్తే తానే మార్చగలగాలి. ఈ రెంటికీ తోడ్పడని హంగు ఎంత కొత్తదైనా లెక్కలోకి రాదు.

ఎవరి భాష వారిదే

1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఒక పరికరం తయారుచేశాడు. తరగతి గదిలో వేడి ఎంతుందో కనిపెట్టి, కింద కొలిమి దగ్గరున్న పనివాడికి కరెంటు తీగ మీద కబురు పంపడం దాని పని. అంతకుముందు ఆ పనివాడే ఒక్కో గదికీ వచ్చి చూసుకునేవాడు. జాన్సన్ 1885లో పెట్టిన కంపెనీయే నేటి జాన్సన్ కంట్రోల్స్. ఆ తర్వాత చాలా దశాబ్దాలు పెద్ద భవనాల కంట్రోళ్లు గొట్టాల్లోని గాలి ఒత్తిడితోనే నడిచాయి. 1980ల్లో మైక్రోప్రాసెసర్ కంట్రోలర్లు వచ్చాక గాని ఈ రంగంలో సాఫ్ట్‌వేర్‌కు పెద్ద చోటు దొరకలేదు.

దాంతోపాటే కొత్త తంటా వచ్చింది. ఏ కంపెనీ కంట్రోలరు ఆ కంపెనీ మాటే వింటుంది. ఒకసారి కొన్నాక విడిభాగానికీ మరమ్మతుకూ వాళ్ల దగ్గరికే పోవాలి, వాళ్లు చెప్పిన రేటే ఇవ్వాలి. దీనికి విరుగుడు వెతకడానికి ఏసీ, శీతలీకరణ ఇంజినీర్ల సంఘం ఆశ్రే 1987లో కమిటీ వేసింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ న్యూమన్ దానికి సారథి. ఎనిమిదేళ్ల కసరత్తు తర్వాత 1995లో బ్యాక్‌నెట్ ప్రమాణం వెలువడింది, 2003లో ఐఎస్ఓ ప్రమాణమైంది. కర్మాగారాల నుంచి వచ్చిన 1979 నాటి మోడ్‌బస్, యూరప్ ఇళ్లలో పాతుకున్న కెఎన్ఎక్స్ కూడా ఇదే పని చేసే ఉమ్మడి భాషలు. మన దగ్గర డీజిల్ జనరేటర్ల మీద, ఎనర్జీ మీటర్ల మీద ఇప్పటికీ మోడ్‌బస్ పోర్టే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ భాషలన్నిటి నడుమ దుబాసీగా పనిచేసే సాఫ్ట్‌వేర్లూ పుట్టాయి. వాటిలో పేరున్నది నయాగరా. 1995లో మొదలైన ట్రిడియం అనే కంపెనీ దీన్ని తయారుచేసింది, 2005లో హనీవెల్ ఆ కంపెనీని కొనేసింది. కొత్త వెర్షన్ అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి నయాగరాయే తగిన ఉదాహరణ.

తెర మారింది

నయాగరా పాత తరం పేరు ఏఎక్స్. దాని తెర బ్రౌజర్‌లో జావా యాప్లెట్ మీద ఆధారపడి ఉండేది. 2015లో క్రోమ్ బ్రౌజర్ అలాంటి ప్లగిన్లకు పూర్తిగా తలుపు మూసింది, మిగతావీ అదే బాట పట్టాయి. ఏసీలు బాగానే ఉన్నాయి, కంట్రోలర్లు బాగానే ఉన్నాయి, వాటిని చూసే కిటికీ మాత్రం మూసుకుపోయింది. ఎన్నో భవనాల్లో ఆ ఒక్క తెర కోసమే పాత బ్రౌజర్ ఉన్న కంప్యూటర్‌ను భద్రంగా దాచుకోవాల్సి వచ్చింది.

అదే 2015లో వచ్చిన నయాగరా 4 ఈ తెరను హెచ్‌టీఎమ్‌ఎల్5 మీదికి మార్చింది. ఏ ఫోన్‌లోనైనా, ఏ ట్యాబ్‌లోనైనా తెరుచుకుంటుంది. ఎవరు ఏం చూడొచ్చు, ఏం మార్చొచ్చు అన్నది హోదాను బట్టి విడగొట్టే వీలు కూడా పెరిగింది. పైకి అందం కోసం చేసిన మార్పులా కనిపించినా లాభం లోతైనది. బేస్‌మెంట్‌లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంటే తప్ప తెలియని విషయం, చెడిపోయిన పంపు పక్కనే నిలబడ్డ మెకానిక్ చేతిలోకి వచ్చింది. చిన్న ఊళ్లలో ఆపరేటర్, మెకానిక్ ఒక్కరే కాబట్టి అక్కడ దీని విలువ ఇంకా ఎక్కువ.

పేరు పెడితేనే పిలుపు

తరచూ ఎదురయ్యే ఒక దృశ్యం చూద్దాం. తెర మీద ఎర్ర గీతలో ‘ఏహెచ్‌యూ3_ఎస్ఏటీ_హెచ్ఐ’ అని వస్తుంది. మూడో నంబరు గాలి యంత్రం నుంచి గదుల్లోకి వెళ్లే గాలి ఉండాల్సినదానికన్నా వేడిగా ఉందని దాని భావం. పేరు పెట్టిన ఇంజినీరుకు అది తెలుసు. ఆయన ఉద్యోగం మారిపోయాడు. పక్క భవనంలో ఇదే సంగతికి ఇంకో ఇంజినీరు ఇంకో పేరు పెట్టాడు. కొత్త ఆపరేటర్‌కు రెండూ అయోమయమే. సాఫ్ట్‌వేర్‌కు కూడా అంతే, అది ఆ పేరులో అర్థం వెతకలేదు.

గత పది పదిహేనేళ్లలో వచ్చిన పెద్ద మార్పుల్లో ఒకటి ఇక్కడే జరిగింది. ప్రాజెక్ట్ హేస్టాక్ అనే ఉమ్మడి ప్రయత్నం ప్రతి సెన్సరు రీడింగుకూ, ప్రతి ఆదేశానికీ ట్యాగులు తగిలించే పద్ధతి తెచ్చింది: ఇది ఉష్ణోగ్రత, ఇది గాలి, ఇది బయటికి పంపేది, ఇది ఫలానా యంత్రానిది. 2016లో పరిశోధకులు ప్రతిపాదించిన బ్రిక్ అనే నమూనా యంత్రాల మధ్య సంబంధాన్ని కూడా రాసిపెడుతుంది: ఈ గది గాలి ఆ యంత్రం నుంచి, ఆ యంత్రానికి చల్లటి నీళ్లు ఫలానా చిల్లర్ నుంచి. నయాగరా 4 మొదటినుంచీ ట్యాగులను లోపలికి తీసుకుంది. ఒక్కసారి ట్యాగు వేస్తే ‘సెలవు రోజున నడుస్తున్న గాలి యంత్రాలన్నీ చూపించు’ అని అడగొచ్చు. ఇంజినీరు వెళ్లిపోయినా అర్థం భవనంలోనే మిగిలిపోతుంది. కొత్త వెర్షన్ల ప్రచారంలో దీనికి చోటు తక్కువే గాని, పదేళ్ల తర్వాత కూడా ఫలితమిచ్చేది ఇదే.

బలవంతపు ఆదేశం ఎంతకాలం?

బ్యాక్‌నెట్‌లో ఒక మోటారుకు వచ్చే ఆదేశాలకు 16 మెట్ల ప్రాధాన్య క్రమం ఉంది. 1వ మెట్టు ప్రాణరక్షణ కోసం. 8వ మెట్టు ఆపరేటర్ చేత్తో ఇచ్చే ఆదేశానిది. మామూలు టైమ్ టేబుల్ సాధారణంగా దానికన్నా కింది మెట్టులోనే. వేసవిలో ఓ పెద్ద సమావేశం జరుగుతోందనుకుందాం. సాయంత్రం ఆరుకు ఆగాల్సిన ఏసీని ఆపరేటర్ 8వ మెట్టు నుంచి ‘ఆన్’ చేస్తాడు. సమావేశం ముగుస్తుంది, ఆయన ఇంటికి పోతాడు. ఆ ఆదేశం తీసేసేదాకా ఆ ఏసీకి రాత్రీ లేదు, ఆదివారమూ లేదు. టైమ్ టేబుల్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, దాని మాట వినేవాళ్లుండరు. మన ఆటో స్టార్టర్ కథే ఇది, గాజు భవనంలో జరిగింది.

చేత్తో ఇచ్చిన ఆదేశానికి గడువు పెట్టే వీలు, అలాంటివన్నీ ఒక జాబితాలో చూపే తెర, ఎవరు ఎప్పుడు ఇచ్చారో నమోదు చేసే పుస్తకం నేటి మంచి సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. కాని భవనంలో పెట్టించుకున్న రోజున వాటిని వాడుకలోకి తేవడమే తరచూ జరగదు. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల 2017లో ఇచ్చిన అంచనా ప్రకారం, సెన్సర్లను, కంట్రోళ్లను సరిదిద్ది సరిగ్గా నడిపిస్తే ఆ దేశ వాణిజ్య భవనాలు వాడే ఇంధనంలో దాదాపు 29 శాతం మిగులుతుంది. అందులో చాలా భాగం కొత్త యంత్రం కొనక్కర్లేని ఆదా.

యంత్రాలను నడిపే సూత్రాలు కూడా ఇప్పుడు ఉమ్మడి సొత్తయ్యాయి. ఇంతకుముందు ఎవరి ప్రోగ్రామ్ వాళ్లు రాసుకునేవాళ్లు, తప్పులూ ఎవరివి వాళ్లవే. ఆశ్రే 2018లో వెలువరించి 2021లో సవరించిన గైడ్‌లైన్ 36 పరీక్షించిన సూత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో ఒకటి సులువుగా అర్థమవుతుంది. ఫ్యాన్ ఒత్తిడిని సాఫ్ట్‌వేర్ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోతుంది. ఏ గదికైనా గాలి చాలకపోతే ఆ గది అడుగుతుంది. అడిగిన గదులు పెరిగితే ఒత్తిడి కాస్త పెరుగుతుంది. ఎవరూ అడగకపోతే మళ్లీ తగ్గుతుంది. ఒక్క అంకె బిగించి ఏడాది పొడవునా నడపడంతో పోలిస్తే ఇది పరిస్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి.

తాళాలూ, వాటి గడువూ

2013లో ఇద్దరు భద్రతా పరిశోధకులు సిడ్నీలోని గూగుల్ కార్యాలయ భవనం కంట్రోల్ వ్యవస్థలోకి ఇంటర్నెట్ మీదుగా దూరగలిగారు. అక్కడున్నది నయాగరా పాత వెర్షన్. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అప్పటికే వచ్చి ఉంది, ఆ భవనంలో ఎవరూ వేయలేదు. అదే ఏడాది అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు మొదట వాడుకున్నది శీతలీకరణ పనులు చేసే ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డు.

పాత బ్యాక్‌నెట్‌లో వాడుకలో ఉన్న తాళమే లేదు, నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరి మాటైనా కంట్రోలరు వినేది. 2019లో చేర్చిన బ్యాక్‌నెట్ సెక్యూర్ కనెక్ట్ ఆ లోటు తీర్చింది. ప్రతి పరికరానికీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, అది లేనివాడి మాట చెల్లదు. కెఎన్ఎక్స్ కూడా ఇలాంటి రక్షణనే తెచ్చుకుంది. మెరుగుదలే, సందేహం లేదు. అయితే సర్టిఫికెట్‌కు గడువుంటుంది. గడువు దాటితే సక్రమమైన పరికరాన్ని కూడా బయటివాడిగానే చూస్తారు. రెన్యువల్ చేసే మనిషి పేరు కాంట్రాక్టులో లేని భవనంలో ఈ తాళం ఏదో ఒక రోజు సొంతవాళ్లకే పడుతుంది.

హైదరాబాద్ ఇచ్చే సాక్ష్యం

మన రాష్ట్రంలో చూపించదగ్గ రుజువులున్నాయి. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. అక్కడ సగం పని గాలి బురుజులు, నడిమి ముంగిలి, పైకప్పు మీది పచ్చిక చేస్తాయి, మిగతా పనే యంత్రాలది.

ఇంకా గట్టి సాక్ష్యం పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఉంది. 2011 ప్రాంతంలో కట్టిన ఒక కార్యాలయ భవనాన్ని వాళ్లు రెండు సమాన భాగాలుగా చేశారు. ఒక సగానికి మామూలు సెంట్రల్ ఏసీ, రెండో సగానికి స్లాబు గొట్టాల్లో చల్లటి నీళ్లు పారించే రేడియంట్ పద్ధతి. రెండేళ్లపాటు కొలిచి చూస్తే రెండోవైపు కరెంటు మూడో వంతు తక్కువ ఖర్చయింది. రేడియంట్ పద్ధతిని కంట్రోల్ సాఫ్ట్‌వేర్ ఊపిరి బిగబట్టి కాపలా కాయాలి. వానాకాలం తేమ పెరిగినప్పుడు నీళ్లు మరీ చల్లగా పోతే స్లాబుకు చెమట పడుతుంది. గాలిలో తేమను చూసుకుంటూ నీటి వేడిని ఆ హద్దుకు పైనే ఉంచాలి. అంతకన్నా ముఖ్యం, రెండు సగాలకూ విడివిడిగా మీటర్లు పెట్టారు కాబట్టే ఏది మేలో తేలింది. కొలత లేని చోట ప్రతి వెర్షనూ మంచిదే అనిపిస్తుంది.

నియమాల సంగతికొస్తే, కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు భవన నిర్మాణ కోడ్ 2017 కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ, ఆపైన ఉన్న వాణిజ్య భవనాలను ఉద్దేశించింది. హైదరాబాద్‌లో అలాంటివి వీధికొకటి. చిన్న పట్టణాల్లో చాలా భవనాలు ఆ గీతకు కిందే ఉంటాయి. అంటే ఖేడ్‌లో ఆటోమేషన్ మంచిచెడ్డలు చట్టం చూడదు, కొనేవాళ్లే చూసుకోవాలి.

ఖేడ్‌లో ఉన్నదేంటి, కావాల్సిందేంటి

ఆటోమేషన్ అన్న మాట వినగానే ఖేడ్‌లో లేనిదేదో రాబోతున్నట్టు అనుకోనక్కర్లేదు. మిద్దె మీది ట్యాంకుకు వాటర్ లెవల్ కంట్రోలరు పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఆటోమేషన్ ఉన్న భవనమే. దాన్ని దగ్గర నుంచి చూస్తే మొత్తం రంగం కనిపిస్తుంది. ట్యాంకులో పొడవు ఎక్కువ తక్కువలుగా లోహపు కడ్డీలు వేలాడుతుంటాయి. నీళ్లు తగిలితే సన్నని కరెంటు పారుతుంది, నిండిందని తెలుసుకొని మోటారు ఆగుతుంది. బోరునీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నాళ్లకు కడ్డీకి తెల్లటి పొర కడుతుంది, కరెంటు పారదు. ట్యాంకు పొర్లుతున్నా పెట్టె దృష్టిలో అది ఖాళీయే. కడ్డీని గీకి కడగడం ఏ వెర్షనూ చేయదు. అయితే మంచి వెర్షన్ ఒక పని చేయగలదు: మామూలుగా నలభై నిమిషాల్లో నిండే ట్యాంకు గంటన్నరైనా నిండకపోతే మోటారు ఆపి, సెన్సర్ చూడమని ఫోన్‌కు కబురు పెట్టగలదు. పెద్ద భవనాల్లో లోపాలను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ అని అమ్మేదాని సారం ఇదే.

ఇంటి స్థాయిలో ఈ సౌకర్యం ఇప్పుడు ఖరీదైనది కాదు. 2010లో పుట్టిన ఓపెన్‌హ్యాబ్, 2013లో పుట్టిన హోమ్ అసిస్టెంట్ ఉచిత సాఫ్ట్‌వేర్లు, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద నడుస్తాయి. వాటి పెద్ద గుణం, ఇంటర్నెట్ పోయినా ఇంటిలోపలి పని ఆగకపోవడం. వేర్వేరు కంపెనీల పరికరాలను కలిపే మ్యాటర్ ప్రమాణం 2022 అక్టోబరులో వచ్చింది, అది కూడా ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకునేలా రూపొందింది. హోమ్ అసిస్టెంట్‌కు నెలనెలా కొత్త వెర్షన్ వస్తుంది. ప్రతిసారీ ఏ పాత అమరికలు చెల్లకుండా పోతాయో జాబితా ఇస్తారు. సరదా ఉన్న కుర్రాడికి అది పండగ. హాస్టలు వార్డెన్‌కు మాత్రం తలనొప్పి. నెలనెలా మారేది, పదేళ్లయినా మారనిది రెండూ సంస్థలకు కష్టమే. అందుకే పెద్ద సాఫ్ట్‌వేర్లు కొన్ని వెర్షన్లను ఎక్కువ ఏళ్లు కాపాడతామని ప్రత్యేకంగా ప్రకటిస్తున్నాయి. ప్రభుత్వ సంస్థలు కొంటే అలాంటివే కొనాలి.

ఊరి స్థాయిలో వీధిదీపాలు ఇంకో ఉదాహరణ. 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధిదీపాల పథకం కింద దేశమంతటా 1.3 కోట్లకు పైగా ఎల్ఈడీ దీపాలు వచ్చాయి, రెండు తెలుగు రాష్ట్రాలు అందులో ముందున్నాయి. స్తంభాల గుంపుకు ఒక కంట్రోల్ పెట్టె, అందులో గడియారం, మీటరు, సిమ్ కార్డు. పొద్దు గుంకే వేళను తేదీని బట్టి లెక్కగట్టి అదే వెలిగిస్తుంది. పట్టపగలు వెలిగే దీపం ఎక్కడ కనిపించినా మూడింటిలో ఒకటి చూడాలి: గడియారం తప్పిందా, సిమ్‌కు సిగ్నల్ పోయిందా, ఎవరైనా పెట్టెను దాటించి నేరుగా తీగ కలిపారా. ఈ మూడింటినీ విడదీసి చూపే తెర మున్సిపల్ సిబ్బంది చేతిలో ఉంటే మెరుగుదల. ఎక్కడో ఉన్న కాల్ సెంటర్ తెర మీదే ఉంటే ఊరికి లాభం లేదు.

ఆసుపత్రిలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. వ్యాక్సిన్ ఫ్రిజ్ వేడెక్కినా, ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయినా, జనరేటర్‌లో డీజిల్ తగ్గినా కబురు ముందు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు అందాలి, అర్థం కావాలి. బ్యాక్‌నెట్‌లో యూనికోడ్ అక్షరాలకు చోటుంది, నేటి బ్రౌజర్ తెలుగును చక్కగా చూపిస్తుంది. ‘ఆక్సిజన్ ఒత్తిడి తగ్గింది, వెనక గదిలో రెండో వాల్వు చూడండి’ అని అలారం పాఠం తెలుగులో రాసిపెట్టడానికి కొత్త లైసెన్సు అక్కర్లేదు. పెట్టించే రోజున అడిగేవాళ్లు కావాలి.

టెండరులో రాయాల్సినవి

ఇంత చూశాక కొన్ని షరతులు తేలుతున్నాయి. పరికరాలు బ్యాక్‌నెట్, మోడ్‌బస్ వంటి ఉమ్మడి భాష మాట్లాడాలి. ఇంటర్నెట్ లేకున్నా స్థానికంగా అన్నీ నడవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటార్లన్నీ ఒక్కసారే కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలి. చేత్తో ఇచ్చే ప్రతి ఆదేశానికీ గడువుండాలి. ట్యాగుల జాబితా, ప్రోగ్రామ్ నకలు, అడ్మిన్ పాస్‌వర్డు పని పూర్తయిన రోజే సంస్థ చేతికి రావాలి. చాలాచోట్ల చివరిదే కాంట్రాక్టరు జేబులో ఉండిపోతుంది, వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) రేటును ఏటా పెంచేది అదే. అప్‌డేట్లు, సర్టిఫికెట్ల రెన్యువల్ ఎవరు చేస్తారో, ఎన్నేళ్లు చేస్తారో రాసుండాలి. స్థానిక ఐటీఐ చదివిన ఒకరిద్దరికి శిక్షణ ఇవ్వడం కూడా ధరలో కలపాలి. వీటన్నిటికన్నా ముందు పైకప్పుకు చలువ సున్నం వేయించాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. తెల్లటి కప్పుకు లైసెన్సు లేదు, పాస్‌వర్డు లేదు. అది తగ్గించిన వేడిని ఏ సాఫ్ట్‌వేరూ మళ్లీ తగ్గించక్కర్లేదు.

కొత్త వెర్షన్ల మీద మొత్తం తీర్పు అనుకూలమే. ఉమ్మడి భాష, ఎక్కడైనా తెరుచుకునే తెర, అర్థమున్న పేర్లు, పరీక్షించిన సూత్రాలు, తాళాలు: ఇవన్నీ నిజమైన ముందడుగులు, వీటిలో చాలావాటికి ఖేడ్ లాంటి ఊరు డబ్బు పెట్టొచ్చు. కృత్రిమ మేధ పేరుతో వస్తున్న హంగులు ఇక్కడికి ఇప్పట్లో అక్కర్లేదు, సెన్సర్లు సరిగ్గా లేని చోట వాటికి తినడానికి తప్పుడు లెక్కలే దొరుకుతాయి. అప్‌గ్రేడ్ కోసం కొటేషన్ తీసుకునే ముందు ఆపరేటర్‌ను కూర్చోబెట్టి, ఇప్పుడున్నదానిలో ఏది కనిపించడం లేదో, ఏది మార్చలేకపోతున్నాడో రాయించాలి. ఆ కాగితంలోని ఎన్ని వరసలు కొట్టెయ్యగలిగితే కొత్త వెర్షన్ అంత మెరుగైనది. ఒక్కటీ కొట్టెయ్యలేకపోతే పాతదాన్నే శుభ్రం చేయించుకొని ఆ డబ్బు మిగుల్చుకోవడం మేలు.